కొసరు కూరల దప్పళం

తబితది మొగల్తూరు. సముద్రం దగ్గరి పిల్ల కావడంతో చేప లేని అన్నం ఆమెకు సగం అన్నం కింద లెక్క. అలాంటిది పెళ్లై కడియం వచ్చిన మొదటి వారంలోనే అత్తగారు సంపూర్ణమ్మ వండిన కూరగాయల దప్పళం మారు వడ్డించుకుని మరీ తింది.

డబరా మూత తీయగానే ఆవిరితో పాటు మెంతుల తాలింపు వాసన ఆ రెండు గదుల ఇల్లంతా పరుచుకుంది. గుమ్మడికాయ, ఆనపకాయ, ములక్కాడ, వంకాయ, కంద, చిలగడదుంప, ఓ రెండు బెండకాయలు, నిలువునా చీల్చిన ముల్లంగి. పండు టమాటాలు కరిగిపోయి పులుసుకు ఎర్రరంగు పట్టించాయి. అన్ని ముక్కల్లో ఒక్కటీ చితకలేదు, ఒక్కటీ బిరుసుగా లేదు.

“ఇన్ని రకాలు ఒకేసారి ఎలా కొన్నారత్తయ్యా?” అని అడిగింది తబిత.

“కొన్నది ఒకటే అమ్మాయ్. మిగతావన్నీ కొసరు,” అంది సంపూర్ణమ్మ.

తబిత నవ్వేసింది. అత్తగారు హాస్యమాడుతోందనుకుంది.

అది 2019 సంగతి. సంపూర్ణమ్మ అప్పటికే ముప్పై ఏళ్లుగా కడియం నర్సరీల్లో పనిచేస్తోంది. నల్లటి కవర్లలో మట్టి నింపడం, మొక్కలు మార్చి నాటడం, లారీ వచ్చిన రోజున మొక్కలు అందించడం ఆవిడ పని. భర్త చిట్టియ్య లారీలకు మొక్కలెత్తేవాడు. ఓసారి లారీ మీంచి పడి కాలు విరిగాక బరువులు మానేసి ఒక నర్సరీలో కాపలా ఉంటున్నాడు. కొడుకు ఐజాక్ ఆ మొక్కల లారీలే పుణె దాకా, నాగపూర్ దాకా నడుపుతాడు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే. తబిత బీకాం చదివింది. పెళ్లైన రెండు నెలలకు ఒక నర్సరీ ఆఫీసులో చేరింది. మొక్కల ఫొటోలు తీసి ఫోన్లో బయటి ఊళ్ల వాళ్లకు పంపడం, ఆర్డర్లు రాసుకోవడం ఆమె ఉద్యోగం.

ఆ ఆఫీసులోనే ఒక శుక్రవారం పక్క కుర్చీలో కూర్చునే సుప్రియ గొంతు తగ్గించి అంది. “తబితా, నిన్న సంతలో మీ అత్తగారిని చూశాను. అందరూ సర్దుకుని వెళ్లిపోయే టైంలో గోనెసంచి పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరుగుతున్నారు. ఇంట్లో ఏమన్నా ఇబ్బందా? ఉంటే చెప్పు, మొహమాటపడకు.”

సుప్రియ మంచిగానే అడిగింది. అందుకే తబితకు ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. మిగిలిపోయిన కూరలు, పారేసే కూరలు! వాటినా తను మారు వడ్డించుకుని తిన్నది? ఆ సాయంత్రం ఐజాక్‌కు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. అతను అవతల ఏదో దాబాలో టీ తాగుతూ, “ఆ దప్పళం తినే పెరిగాను నేను. అడగాల్సిందేమన్నా ఉంటే మా అమ్మనే అడుగు,” అన్నాడు.

అడిగింది. “మనకి కొనుక్కోలేని గతి లేదు కదా అత్తయ్యా. నలుగురం సంపాదిస్తున్నాం. ఎందుకలా నలుగురిలో…”

సంపూర్ణమ్మకు కోపం రాలేదు. ముఖం కూడా చిన్నబోలేదు. “వచ్చే గురువారం సగం పూట సెలవు పెట్టుకుని నాతో రా,” అంది అంతే.

*

ఆ సంత పొద్దున్నే మొదలై మధ్యాహ్నం రెండు దాటాక పలచబడుతుంది. గోదావరి లంకల్లోంచి కూరగాయలు తెచ్చే రైతులు మూడింటికల్లా తిరుగుదారి పడతారు. మిగిలిన సరుకులో కొంత మళ్లీ మోసుకుపోయేందుకు పనికిరాదు. సగం కోసిన గుమ్మడికాయ, వంకర తిరిగిన ములక్కాడలు, గీత పడ్డ వంకాయలు, మర్నాటికి కుళ్లిపోయే టమాటాలు. అమ్మేవాళ్లు చాలామంది వాటిని అక్కడే వదిలేస్తారు. తర్వాత ఆవులు వస్తాయి.

సంపూర్ణమ్మ తిన్నగా పల్లంరాజు అనే ముసలి రైతు దగ్గరకు వెళ్లింది. ముందు ఓ కరివేపాకు కట్ట, పావుకిలో పచ్చిమిరపకాయలు కొంది. అప్పుడు సంచి విప్పి, “కొసరేయండి రాజుగారూ,” అంది.

“ఆయ్, నీకోసమే పక్కన పెట్టాను. ఈ ఆనపకాయ ముచ్చిక దగ్గర కాస్త దెబ్బతింది, చూసి కోసుకో,” అంటూ ఆయన తనే సంచిలో వేశాడు. సంపూర్ణమ్మ ఊరికే పుచ్చుకుని వెళ్లిపోలేదు. ఆయన పట్టా మడిచింది, తట్టలు ఒకదాంట్లో ఒకటి పెట్టింది, నేల మీది ఆకూ అలమూ ఓ పక్కకు తోసింది. తర్వాతి కొట్టు దగ్గరా అంతే. చిన్నదో పెద్దదో ఒకటి కొనడం, కొసరడగడం, చేతనైనంత సర్దిపెట్టడం. ఎవరూ ఆవిడను చులకనగా చూడలేదు. ఒకామె తనే పిలిచి రెండు కంద ముక్కలు ఇచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు కాలవగట్టు మీద నడుస్తూ సంపూర్ణమ్మ చెప్పింది.

“ఐజాక్‌కి అయిదేళ్లప్పుడు మీ మావయ్యకి కాలు విరిగింది. అదే నెల్లో ముసురు పట్టి మూడు వారాలు నర్సరీలో పనుల్లేవు. సంత అయిపోయాక ముసుగేసుకుని వెళ్లి కింద పడ్డవి ఏరుతున్నాను. ఈ పల్లంరాజు గారే చూసి, ‘కిందవి ఏరకమ్మా, అడుగు, ఇస్తాను’ అన్నారు. నాకు నోరు రాలేదు. కొంగున ముడేసుకున్న చిల్లర ఉంటే కరివేపాకు కట్ట కొన్నాను. కొన్నాక నోరొచ్చింది. కొసరడిగాను. కొనకుండా అడిగితే ముష్టి అమ్మాయ్, కొని అడిగితే కొసరు. రాణీగారైనా కొసరడుగుద్ది.”

“ఇప్పుడు మనకి ఆ అవసరం లేదు కదా?”

“మనకి లేదు. మన లైన్లో మెరకమ్మకి ఉంది. ఆ చివరింట్లో తాతకి ఉంది. అయినా అంత మంచి గుమ్మడికాయని ఆవు తింటుందని వదిలేసి రమ్మంటావా? ఆవుకి గడ్డుంది.”

తబితకు ఇంకా కొంచెం సిగ్గు మిగిలే ఉంది కానీ, సంచికి రెండో వైపు తనూ పట్టుకుంది.

*

ఆ మధ్యాహ్నం మొదటిసారి దప్పళం ఎలా తయారవుతుందో దగ్గర కూర్చుని చూసింది.

సంపూర్ణమ్మ ముందు అన్నిటినీ నేల మీద పరిచి, పేకాట ముక్కల్లా వేరు చేసింది. చెడింది ఎంతో, బాగున్నది ఎంతో వేలితో నొక్కే చెప్పేది. కత్తిపీట ముందు కూర్చుని ముచ్చికలు తీసి, మెత్తబడ్డ చోటు తవ్వేసి, మిగిలినదాన్ని పెద్ద పెద్ద ముక్కలుగా కోసింది. ఆనపకాయ గానీ దోసకాయ గానీ కోసేముందు కొస ఒకటి కొరికి చూడటం ఆవిడ అలవాటు. “ఒక్క చేదుకాయ పడితే డబరా మొత్తం కాలవపాలే,” అంటుంది.

కంద, గుమ్మడి, ములక్కాడ ముందు. అవి సగం ఉడికాక వంకాయ, ఆనపకాయ, ముల్లంగి. బెండకాయల్ని విడిగా నూనెలో తిప్పి చివర్లో వేస్తుంది, జిగురు పులుసులో కలవకుండా. చింతపండు పులుసు ముక్కలన్నీ ఉడికాకనే. “తొందరపడి ముందే పోశావనుకో, ముక్క బిగుసుకుపోద్ది. పులుపు తగిలిన ముక్క ఇంక మాట వినదు.” తర్వాత పసుపు, కారం, ఉప్పు, చిన్న బెల్లం ముక్క. చిక్కదనానికి రెండు చెంచాల బియ్యప్పిండి నీళ్లలో కలిపి. ఆఖర్న ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు తాలింపు. తాలింపు చుయ్‌మన్నాక ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకుని, కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగుతుంది. ఉప్పో బెల్లమో రవ్వంత చేరుస్తుంది. లేదా మూత పెట్టేస్తుంది.

అయిదున్నరకల్లా లైన్లో పన్నెండిళ్ల వాళ్లూ గిన్నెలతో వచ్చేవారు. నర్సరీ పనిలోంచి తిరిగొచ్చే ఆడవాళ్లు మట్టి చేతులు కడుక్కోకుండానే గుమ్మంలో ఆగేవారు. ఎవరింట్లో అన్నం వాళ్లు వండుకుంటారు, దప్పళం మాత్రం సంపూర్ణమ్మది. నడవలేని మెరకమ్మకు తనే పట్టుకెళ్లి ఇచ్చేది. ఎవరన్నా దణ్ణం పెట్టబోతే, “మిగిలిందేలే, పట్టుకెళ్లు,” అనేది. అది దానం అనే మాట ఆవిడ నోట తబిత ఎప్పుడూ వినలేదు.

ఏడాది తిరిగేసరికి గురువారం మధ్యాహ్నం సంతకు వెళ్లకపోతే తబితకే తోచేది కాదు.

*

2021 వేసవిలో కరోనా ఆ లైన్లోకీ వచ్చింది. ఐజాక్ తప్ప ఇంట్లో ముగ్గురూ పడ్డారు. తబిత, చిట్టియ్య వారంలో లేచారు. సంపూర్ణమ్మ మాత్రం మూడు వారాలు మంచం దిగలేదు. మెరకమ్మ ఆ నెల్లోనే పోయింది. ఆ సంగతి సంపూర్ణమ్మకు వెంటనే చెప్పలేదు. లేచాక చెబితే వెళ్లి మెరకమ్మ ఇంటి గుమ్మంలో కూర్చుంది.

జూలైలో సంత మళ్లీ మొదలైంది. సంపూర్ణమ్మ మళ్లీ సంచి తీసింది. కాస్త చిక్కింది, మెట్లెక్కితే ఆయాసం, అంతకుమించి మార్పేమీ లేదనుకున్నారు అందరూ. దప్పళం ఎప్పటిలాగే ఉంది.

నవంబరులో ఒక గురువారం దోసకాయలు ఎక్కువొచ్చాయి. సంపూర్ణమ్మ ఎప్పట్లాగే ఒక్కొక్కటి కొస కొరికి చూసి కోసింది. తబిత ఎదురుగా కూర్చుని ములక్కాడల పీచు తీస్తూ చూసింది కూడా. సాయంత్రం గిన్నెలు వెళ్లాయి. పావుగంటలో ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు.

“వదినా, ఇవాళేంటి ఇలా ఉంది? విషం చేదు,” అంది ఎదురింటి సత్యకుమారి.

తబిత గరిట ముంచి నాలిక్కి రాసుకుంది. గుమ్మం దాటి ఉమ్మేసి వచ్చింది. లోపల చిట్టియ్య మాత్రం కంచం ముందు కూర్చుని తలొంచుకుని తింటున్నాడు.

“మావయ్యా, అది తినకండి! చేదు దోసకాయ కడుపులోకెళ్తే మంచిది కాదు.”

“చేదేముంది? బానే ఉంది,” అన్నాడాయన తల ఎత్తకుండానే. తబిత కంచం లాగేసుకుంది. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అవి చేదు వల్ల వచ్చినవి కావని తబితకు అప్పుడే అర్థమైంది. ఆయనకు ముందే తెలుసు.

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. అత్తగారు పొయ్యి పక్కన గోడకానుకుని నిలబడి ఉంది. కొరికి చూసింది. కొరికి చూసి కూడా డబరాలో వేసింది.

“ఎప్పట్నుంచి అత్తయ్యా?”

“జ్వరం అప్పట్నుంచి. వాసనా లేదు, రుచీ లేదు. మట్టి నవిలినట్టు ఉంటది. వస్తదేలే అనుకున్నాను.”

ఆరు నెలలు. తబిత తలలో ఆ ఆరు నెలలు గిర్రున తిరిగాయి. అరచేతిలో చుక్క వేసుకోవడం అత్తగారు మానేసి చాలా రోజులైంది. తను గమనించలేదు. తాలింపు పెట్టేటప్పుడు మెంతుల మీద నుంచి కళ్లు తిప్పేది కాదు. వాసన తెలియక రంగు చూసుకుంటోంది కాబోలు. అంతకుముందు ఎన్నడూ అడగనిది, “ఏమండీ, ఉప్పు సరిపోయిందా?” అని చిట్టియ్యను అడిగేది. మిగతాదంతా చేతి లెక్క. ముప్పై ఏళ్ల చెయ్యి నాలుక సాయం లేకుండా నాలుగు నెలలు పన్నెండిళ్లకు వండిపెట్టింది. ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఆ రోజు డబరా కాలవపాలైంది. సంపూర్ణమ్మ దాన్ని తోమి, బోర్లించి, “ఇంక చాల్లే,” అంది. “వాళ్ల పిల్లలు తింటారు. ఇంకోసారి ఇలా అయితే?”

మరుసటి గురువారం ఆవిడ సంచి తీయలేదు. తబిత తీసింది. గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి, “రండత్తయ్యా. చెయ్యి మీది, నాలుక నాది,” అంది.

“నీకేం తెలుసే? చేపల పులుసు తప్ప ఎరగవు.”

“ఎరగను. నేర్పండి.”

*

నేర్పడం ఎంత కష్టమో ఇద్దరికీ తర్వాత తెలిసింది. తబిత చుక్క నాలిక్కి రాసుకుని, “పుల్లగా ఉంది,” అనేది. “ఎలాంటి పులుపే? మామిడికాయ పులుపా, మజ్జిగ పులుపా, చింతచిగురు పులుపా?” అని సంపూర్ణమ్మ నిలదీసేది. “కాస్త కారంగా ఉంది” అంటే, “పెదాల మీదా, గొంతులోనా?” అనేది. “బాగుంది” అని ఎప్పుడన్నా అంటే కసిరేది. “బాగుందంటే నాకేం తెలుస్తుంది? ఏం బాగుంది?”

తబిత జీవితంలో అంత శ్రద్ధగా దేన్నీ రుచి చూడలేదు. బెల్లం నాలుక కొసన ముందు తగిలి పోతుందని, మెంతులు చివర్లో గొంతు దగ్గర పలకరిస్తాయని, కొత్త చింతపండుకు పులుపు తక్కువ, పాత చింతపండుకు నలుపూ పులుపూ ఎక్కువని ఆ చలికాలంలోనే తెలుసుకుంది. సరిగ్గా చెప్పలేకపోయిన రోజు అత్తగారు కళ్లు మూసుకుని, తబిత మాటలోంచి ఆ రుచిని వెతుక్కునేది. దొరికితే ముఖం విప్పారేది. “ఆఁ, తెలిసింది. చిటికెడు ఉప్పు చాలు.” చిటికెడు వేసి చూస్తే నిజంగానే చాలేది. ఆ మనిషి రుచిని మరిచిపోలేదు. అందుకోలేకపోతోందంతే. ఆ సంగతి తెలిశాక తబితకు ఆవిడ మీద ఉన్న ప్రేమకు గౌరవం తోడైంది.

*

2022 జూలైలో గోదావరి ఎన్నో ఏళ్లుగా లేనంతగా పొంగింది. లంక ఊళ్ల జనాన్ని పడవల మీద, ట్రాక్టర్ల మీద గట్టుకు చేర్చారు. సంపూర్ణమ్మ వాళ్లింటికి దగ్గర్లోని హైస్కూల్లో మూడొందల మంది దాకా తలదాచుకున్నారు. మొదటి రెండు రోజులు పులిహోర పొట్లాలు వచ్చాయి. మూడో రోజు రోడ్డు మీదకు నీళ్లు రావడంతో అవి ఆగాయి. బియ్యం బస్తాలు మాత్రం అప్పటికే చేరాయి. అన్నం ఉంది, కలుపుకోవడానికేమీ లేదు.

ఆ స్కూలు అరుగు మీదే పల్లంరాజు కూర్చుని ఉన్నాడు. తోట మొత్తం నీటి కిందకు పోయింది. నీళ్లొస్తున్నాయని తెలిసిన సాయంత్రం ఆయనా, కొడుకూ, కోడలూ కలిసి చేతికి దొరికిన కాయనల్లా కోసి ట్రాక్టర్ మీద వేసుకుని వచ్చేశారు. పిందె వంకాయలు, ముదరని గుమ్మడికాయలు, చిటికెన వేలంత బెండకాయలు. దారులు మూసేశారు కాబట్టి మార్కెట్టుకు పోయే దారి లేదు. పోయినా వాటిని ఎవరూ కొనరు. వర్షంలో తడిసి ఆ బస్తాలు ఆవిరెత్తుతున్నాయి.

సంపూర్ణమ్మ ఒక బస్తా మూతి విప్పి చెయ్యి పెట్టి చూసింది. “రేపటికి ఉండవు రాజుగారూ.”

“నేలపాలే సంపూర్ణమ్మా. నీళ్లపాలు కాకుండా మోసుకొచ్చాం, అంతే దక్కింది,” అన్నాడాయన.

“నేలపాలెందుకు? వండుతాను.”

స్కూలు హెడ్మాస్టరు పెళ్లిళ్లకు వండే వాళ్ల దగ్గర రెండు పెద్ద గుండిగలు తెప్పించాడు. లైన్లో ఆడవాళ్లంతా కత్తిపీటలతో దిగారు. చింతపండు ఇంటికింత వచ్చింది. తడిసిన కట్టెలు పొగ చిమ్ముతుంటే నర్సరీలోంచి ఎండు కొబ్బరి మట్టలు మోసుకొచ్చారు. తబిత కాయకాయకూ కొస కొరికి చూసింది. ఆ రోజు ఆమె కొరికిన కాయలకు లెక్క లేదు. సాయంత్రానికి నాలుక మొద్దుబారింది. మూడు చేదుకాయలు దొరికాయి, మూడూ అవతలకు విసిరేసింది.

మొదటి గుండిగ తాలింపు దాకా వచ్చింది. సంపూర్ణమ్మ దోసిలితో ఉప్పు కొలిచి వేసింది. తెడ్డుతో కలిపాక తబిత చుక్క నోట్లో వేసుకుని అదిరిపడింది.

“ఉప్పు కషాయం అత్తయ్యా!”

సంపూర్ణమ్మ ఉప్పు సంచి వైపు చూసి నాలిక్కరుచుకుంది. ఇంట్లో ఎప్పుడూ కల్లుప్పే వాడుతుంది. ఇక్కడ వచ్చింది మెత్తటి ఉప్పు. దోసిలి అదే, ఉప్పు దాదాపు రెట్టింపు. చేతి లెక్క మొదటిసారి తప్పింది.

ఎవరో మూలిగారు. “అయిపోయింది. ఇంతా చేసి…”

“ఉండండి,” అంది సంపూర్ణమ్మ. తబిత భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. “కంగారుపడకు. సరిగ్గా చెప్పు. ఎంత ఉప్పు? సముద్రమంతా?”

తబిత మళ్లీ చూసింది. కళ్లు మూసుకుంది. “సముద్రమంత లేదు. మా ఇంటి వెనకాల బోరు నీళ్లంత.”

“మీ పెళ్లికొచ్చినప్పుడు కాళ్లు కడుక్కోమని ఇస్తే పొరపాటున నోట్లో పోసుకున్నానే, అవేనా?”

“అవే!”

సంపూర్ణమ్మ పొగలోనే నవ్వింది. “అయితే భయం లేదు. ఆ నీళ్లు నాకు గుర్తే. దీంట్లోంచి సగం రెండో గుండిగలోకి తోడండి. దాంట్లో ఉప్పు వేయకండి. ఇంకో బస్తా గుమ్మడి కోయండి. పిందె గుమ్మడి ఉప్పు తాగుద్ది. బియ్యప్పిండి రెండు గిన్నెలు కలపండి. బెల్లం నేను చెప్పేదాకా వద్దు.”

ముప్పావుగంట పట్టింది. మూడుసార్లు తబిత రుచి చూసి చెప్పింది, మూడుసార్లూ సంపూర్ణమ్మ ఏదో ఒకటి చేర్పించింది. నాలుగోసారి తబిత ఒక చుక్క నోట్లో వేసుకుని, మళ్లీ ఇంకో చుక్క తీసుకుంది.

“ఏంటే, చెప్పు.”

“మొదట పులుపు, చింతచిగురు పులుపు. వెనకాలే బెల్లం, ఉందో లేదో అన్నట్టు. కారం పెదాల మీదే ఆగింది. చివర్లో మెంతులు. అత్తయ్యా, మీరు మొదటి వారం పెట్టారే, అది.”

సంపూర్ణమ్మ తెడ్డు వదిలి కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో, పొగో, ఇంకేమన్నానో.

అన్నాలు వడ్డించే వేళకు ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. వండింది ఏ పేటవాళ్లో తెలిసి, కొన్ని కుటుంబాల వాళ్లు వరండాలోంచి కదల్లేదు. ఎవరూ నోరు విప్పి ఏమీ అనలేదు. అనకుండానే అందరికీ అర్థమైంది. సంపూర్ణమ్మ అటు చూడను కూడా లేదు, గరిట తీసుకుని నిలబడింది. పల్లంరాజు అరుగు మీంచి లేచి, కంచం పట్టుకుని వచ్చి వరసలో మొదట నిలబడ్డాడు. వెనకాలే ఆయన కోడలు పిల్లని చంకనేసుకుని వచ్చింది. తర్వాత వరండా కదిలింది. అందరూ రాలేదు. రెండు మూడు కుటుంబాలు ఆ రాత్రికి బిస్కెట్లు తిని పడుకున్నాయి. వచ్చినవాళ్లు మాత్రం మూడు రోజుల తర్వాత వేడి వేడి పులుసు కలుపుకుని కడుపారా తిన్నారు. పల్లంరాజు రెండోసారి వచ్చి, “నా తోటంతా ఇందులోనే ఉందమ్మా,” అని కంచం చాపాడు.

నీళ్లు తీసేదాకా మరో నాలుగు రోజులు ఆ గుండిగలు దిగలేదు. గట్టు మీది సంతలో సరుకు అమ్ముడుపోని రైతులు తమంతట తామే కూరలు తెచ్చి స్కూలు గేటు దగ్గర దింపారు. ఎవరో ఫొటో తీయబోతే సంపూర్ణమ్మ గుండిగ తోమడానికి వెళ్లిపోయింది. ఆ ఫొటోలో ఆవిడ వీపు మాత్రమే పడింది.

*

ఇప్పుడు సంపూర్ణమ్మకు అరవై దాటింది. మోకాళ్లు సహకరించక నర్సరీ పని మానేసింది. రాజమండ్రిలో ఒక డాక్టరుకు చూపిస్తే, ఇంతకాలం రాని రుచి ఇంక వస్తుందో రాదో చెప్పలేమన్నాడు. కారం, పులుపు మాత్రం ఎప్పుడన్నా దూరంగా పిలిచినట్టు అనిపిస్తాయట. మిగతావి రాలేదు. దాని గురించి ఆవిడ బాధపడటం తబిత చూసింది ఒక్కసారే, మొన్న మామిడిపళ్ల కాలంలో. రసం పీల్చి, టెంక పక్కన పెట్టేసి, కాసేపు కాలవ వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి ఇంకో పండు తీసి చిట్టియ్యకు ఇచ్చింది.

గురువారం డబరా మాత్రం ఆగలేదు. ఉప్పు కొలిచే చెయ్యి ఇప్పుడు సగం రోజులు తబితదే. దాంతో ఓ చిక్కొచ్చి పడింది. మొగల్తూరు వైపు వాళ్లకు పులుసులో తీపి కాస్త ముందుకుండాలి. తనకు తెలియకుండానే తబిత బెల్లం ముక్క కొంచెం పెద్దది వేస్తోంది. లైన్లో వాళ్లు గమనించారు. ఒక సాయంత్రం సత్యకుమారి గిన్నె పట్టుకుని వచ్చి గుమ్మంలో కూర్చున్న సంపూర్ణమ్మతోనే అనేసింది.

“ఏమో వదినా, ఈ మధ్య దప్పళం తియ్యబడింది. నీ చేతి మాదిరి లేదు.”

లోపల తబిత గరిట పట్టుకుని ఆగిపోయింది.

“తియ్యగా ఉందా?” అంది సంపూర్ణమ్మ. “అయితే ఉండనీ. ఇప్పుడది దాని నోటి రుచి. మీరే అలవాటు చేసుకోవాలి.” తర్వాత లోపలికి తిరిగి కేకేసింది. “అమ్మాయ్, మీ సత్యకుమారి అత్తకి రెండు ములక్కాడ ముక్కలు ఎక్కువెయ్యి. మూతి ముడిచింది.”